కార్తీకంలో మొరాయించే బండి

మావారు బండి స్టార్ట్ చేసే ముందు ట్యాంకును చేత్తో తాకి కళ్ళకద్దుకుంటారు. తరవాత చెప్పులు విడిచి పక్కన పెట్టి, పంచె మోకాలి దాకా ఎగ్గట్టి, వట్టి పాదంతో కిక్ కొడతారు. పెళ్ళయిన కొత్తలో ఎందుకలా అని అడిగాను. "మనల్ని మోసేదాన్ని మనమే తంతున్నాం. కనీసం చెప్పుకాలితో తన్నకూడదు కదా" అన్నారు. ఆ మాట నేర్పింది మా అత్తగారు రాజరాజేశ్వరమ్మ. బండి ఇంటికొచ్చిన రోజునే కొడుక్కి చెప్పారట.

సెల్ఫ్ స్టార్ట్ అనేది ఇంకా మా వైపు రాని కాలంలో కొన్న చిన్న బండి అది. రంగు ఎరుపని కాగితాల్లో ఉంది. ఎండా వానా తిని ఇప్పుడది తాలు మిరపకాయలా వెలిసిపోయింది. వెనక సీటు తీసేయలేదు గానీ దాని వెనకాల ఒక ఇనప కారియరు బిగించి, పూజ సామాను సంచీని దానికి కట్టుకుంటారు. మా ఊరు పర్చూరుకు దగ్గర. చుట్టుపక్కల ఐదు ఊళ్ళకు మావారు శేషాచలంగారే పురోహితులు. మా మామగారు సైకిలు మీద తిరిగిన ఊళ్ళే అవన్నీ.

ఈ కార్తీకంలో కిక్ రాడ్డు జారడం మొదలైంది. కాలు వేసి తంతే ఇంజిను తిరగదు. రాడ్డు ఒక్కటే విడిగా కిందికి దిగిపోతుంది. పట్టు దొరకని కాలు దానితోపాటే దిగి ఎముక వెళ్ళి ఫుట్‌రెస్టుకు కొట్టుకుంటుంది. పైగా వట్టి కాలు. రోజూ సాయంత్రం ఆయన కాలికి పసుపు ఉడకేసి పట్టు వేయడం నా పనుల్లో ఒకటైంది.

అయినా అంతవరకూ అది మా ఇంటి సంగతే. బుల్లయ్యగారి బోరు దగ్గర అది ఊరి సంగతైంది.

బుల్లయ్యగారిది వాగవతల పాలెం. మిరప, పత్తి వేస్తారు. రోడ్డు పక్కన కొత్త ఇల్లు కట్టుకున్నారు. ఇంటి ఆవరణలో బోరు వేయడానికి మావారే ముహూర్తం పెట్టారు. ఆ పొద్దున దారిలో వాన అందుకుంది. కల్వర్టు దగ్గర నీళ్ళలో బండి ఆగిపోయింది. ఎన్నిసార్లు తన్నినా రాడ్డు జారిపోవడమే. గేరులో పెట్టి తోసి స్టార్ట్ చేద్దామంటే అక్కడ రోడ్డు పని జరుగుతోంది, ఒట్టి రేగడి మట్టి. అది చక్రాలకు చుట్టుకుని బండి కదలనంది. తోస్తూ తోస్తూ ఆయన జారి మోకాళ్ళ మీద పడ్డారు. మడిబట్ట నడుం దాకా బురదైంది.

అక్కడికి చేరేసరికి బోరు లారీవాడు చూసి చూసి మిషను దింపేశాడు. "మాకు ఇంకో ఊళ్ళో ముహూర్తం ఉందండీ, ఏం చేయమంటారు?" అన్నాడట. మావారు వాళ్ళ కుళాయి కింద స్నానం చేసి, తడిబట్టతో వచ్చి కొబ్బరికాయ కొట్టేసరికి బోరు సగం దిగింది. నీళ్ళు పడ్డాయి గానీ ధార సన్నం.

"పంతులుగారూ, ముహూర్తం పెట్టిందీ మీరే, దాటించిందీ మీరే! ఇంక గంగమ్మకేం పట్టింది, పరిగెత్తుకుంటా రావడానికి?" అన్నారు బుల్లయ్యగారు. ఆయన మామూలుగా మాట్లాడినా అవతలి చేలో పత్తి తీసేవాళ్ళు తలెత్తి చూస్తారు. అందరూ నవ్వారు. మావారూ నవ్వారు.

వచ్చేటప్పుడు మాత్రం బుల్లయ్యగారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించారట. "గృహప్రవేశం పొద్దు పొడిచే వేళకి కదండీ. మా బావమరిది పర్చూరు నుంచి ఇంకో పంతులుగారిని పిలుద్దామంటన్నాడు. ఆయనకి కారుందంట. నేనే వద్దన్నా. ఈసారి నాకు మాట రానీకండి."

గట్టిగా అన్న మాటను మావారు అక్కడే వదిలేసి వచ్చారు. మెల్లిగా అన్న మాట ఆయనతోపాటు ఇంటికొచ్చింది. కంచం ముందు కూర్చుని, అన్నంలో పప్పు కలపకుండానే, "వాగు పొంగితే నాన్న సైకిలు భుజాన వేసుకుని దాటేవాడు. ఆ ఊళ్ళో ఒక్క ముహూర్తం తప్పలేదు" అన్నారు. నేను నెయ్యి వేశాను. పాలెం ఒక్కటి చేజారితే మిగతా ఊళ్ళు కూడా కారున్న పంతులుగారి వైపు చూస్తాయని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అంతకన్నా, అది వాళ్ళ నాన్నగారు ఒక్క ముహూర్తమూ తప్పని ఊరు.

గృహప్రవేశానికి ముందు రోజు పొద్దున కూడా బండి స్టార్ట్ కాలేదు. మెకానిక్ కోటేష్‌ను ఇంటికే రమ్మన్నాం. ఊరి సెంటర్లో షెడ్డు అతనిది. చేతికి పని దొరికితే నోటికి కూడా పని దొరుకుతుంది.

"ఏంటి పంతులుగారూ, ఎన్ని తన్నినా లెగట్లేదా?"

"నేను తన్నడం ఎప్పుడో మానేశాను కోటేష్. ఇప్పుడు అదే నన్ను తంతోంది" అని మావారు పంచె ఎత్తి కమిలిన కాలు చూపించారు.

కోటేష్ రాడ్డును చేత్తో రెండుసార్లు ఆడించాడు. పానా వేసి బోల్టు తిప్పి చూశాడు. "బోల్టు బిగువుగానే ఉంది. ఇంకో చుట్టు కూడా తిరగట్లా. రాడ్డా, నిరుడు నేనేసిన కొత్తదే. అంటే తేడా లోపలుంది. రాడ్డుని పట్టుకునే షాఫ్టుకి పళ్ళుంటాయి చూడండి, అవి అరిగిపోయినట్టున్నాయి. ఇంజిను విప్పి షాఫ్టు మార్చాలి. సామాను గుంటూరులో వెతకాలి, దొరికితే మన అదృష్టం."

"రేపు పొద్దున పాలెం వెళ్ళాలయ్యా."

"రేపా! ముహూర్తాలంటే మీ చేతిలో పని. గుంటూరు నుంచి సామాను రావడం నా చేతిలో పనా పంతులుగారూ?"

నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను. "కోటేష్, నిరుడు నువ్వు రాడ్డు మార్చింది కూడా కార్తీకంలోనే కదా?" అన్నాను. నాకు బాగా గుర్తు. అప్పుడూ ఇలాగే ఆయన కాలికి పసుపు పట్టు వేశాను. నేను సోమవారం ఉపవాసం ఉన్నాను.

"అవునమ్మగారూ, కార్తీకమే. దానికీ ఉపవాసాలేమో! తిండి లేక కాలూ చెయ్యీ ఆడట్లా."

అరుగు మీద కూర్చుని దీపాలకు వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు తలెత్తారు. ఎనభై దాటిన మనిషి. బుల్లయ్యగారి చేలో పత్తి తప్ప వేరే పత్తి వత్తులకు పనికిరాదంటారు. "వాగకురా కోటిగా. దసరాకి తలంటు పోసినట్టు కడిగించాను దాన్ని. పసుపూ కుంకమా పెట్టాను. నిమ్మకాయ తొక్కించాను. ఇంకా ఏం రోగం దానికి?"

"రోగం లేదు మామ్మగారూ, ముసలితనం."

"నాకు లేని ముసలితనం దానికెక్కడిది?"

నా సందేహం మాత్రం తీరలేదు. "షాఫ్టు పళ్ళే అరిగిపోతే, నిరుడు రాడ్డు మార్చగానే ఎలా పట్టుకుంది? ఏడాదంతా ఒక్క తన్నుకే స్టార్టయింది కదా."

"కొత్త రాడ్డు కదమ్మగారూ. కొన్నాళ్ళు పట్టుకుంటది."

"కొన్నాళ్ళు కాదు. దసరా దాకా పట్టుకుంది."

కోటేష్ తల గోక్కున్నాడు. ఈలోగా అతని ఫోను మోగింది. ఎవరిదో మందు కొట్టే ట్రాక్టరు చేను మధ్యలో ఆగిపోయిందట. "సాయంత్రం వచ్చి బండి షెడ్డుకి తోలుకుపోతా" అని వెళ్ళిపోయాడు. మావారు చొక్కా వేసుకున్నారు. "పర్చూరు వెళ్ళి ఆటో మాట్లాడి వస్తాను" అన్నారు. తెల్లారకముందే వస్తానన్న ఆటోవాడు రాకపోతే ఏమిటన్నది ఇద్దరం పైకి అనుకోలేదు. ఎవరి బండైనా అడగండి అని నేను అనలేదు. ఇన్నేళ్ళుగా ఈ ఒక్క బండి తప్ప ఆయన ఇంకోటి నడపలేదు. కొత్త బండ్ల గేర్లు ఎటు పడతాయో ఆయనకు తెలియదు. ఆ సంగతి నాకు తెలియదని ఆయన అనుకుంటారు.

ఆయన బస్సెక్కాక అంట్లు తోముకున్నాను. మనసు ఆ రాడ్డు మీదే ఉంది. డబ్బా మూత సరిగ్గా పట్టకపోతే నేను మూతను తిట్టను. అంచులో ఏం ఇరుక్కుందో చూస్తాను. చేతులు తుడుచుకుని వెళ్ళి బండి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

రాడ్డు చివర ఒక పిడికిలి లాంటిది ఉంది. ఇంజిను లోంచి బయటికొచ్చిన పళ్ళ కడ్డీని ఆ పిడికిలి పట్టుకుంటుంది. పిడికిలి మూసుకోవడానికి దానికి ఒక పక్క నిలువునా సన్నటి సందు ఉంది. ఆ సందుకు అడ్డంగా బోల్టు. బోల్టు బిగిస్తే సందు దగ్గరవ్వాలి, సందు దగ్గరైతే పిడికిలి బిగవాలి. మా వంటింటి పట్టకారుదీ అదే పద్ధతి. దాని రెండు చేతుల మధ్య ఏదైనా అడ్డుపడిందా, మనం ఎంత నొక్కినా మన చేతికి బిగువుగానే ఉంటుంది. గిన్నె మాత్రం జారుతుంది.

బోల్టు బిగువుగా ఉందన్నాడు కోటేష్. నిజమే. కానీ ఆ సందు కనపడటం లేదు. అది ఉండాల్సిన చోట నల్లటి గీత ఉంది. గోటితో గీరితే నలుపు కింద పసుపు పచ్చగా ఏదో తగిలింది.

తలలో పిన్ను తీసి పొడిచాను, వంగిపోయింది. అటక మీది నుంచి దబ్బనం దింపాను. మిరపకాయలు నింపిన గోనె టిక్కీల మూతులు కుట్టే దబ్బనం అది. మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దాని మొనతో సందులో పొడిచి లాగితే గట్టిగా గింజొకటి ఊడి నా అరచేతిలో పడింది. నలిపి చూశాను. బియ్యపు గింజ. ఇంకోటి. ఇంకో రెండు అతుక్కుని వచ్చాయి. పసుపూ గంధమూ నూనే కలిసి రాయిలా కట్టుకుపోయాయి.

అవి అక్షతలు.

దసరా నాటి పొద్దు కళ్ళ ముందుకొచ్చింది. అప్పుడే కడిగిన బండి, నీళ్ళు కారుతూ. అత్తగారి చేతిలో పళ్ళెం. అక్షతలు ట్యాంకు మీద నిలవక జారిపోయాయి. సీటు మీద గాలికి ఎగిరాయి. అప్పుడావిడ వంగి, కిక్ రాడ్డు దగ్గర బొటనవేలితో అదిమి అదిమి పెట్టారు. "రోజూ వాడి చేత తన్నులు తినేది ఇదే. ముందు దీనికే పెట్టాలి" అన్నారు. నిరుడూ అక్కడే పెట్టారు. అంతకుముందు ఎన్నేళ్ళ నుంచి పెడుతున్నారో. పాత రాడ్డుకు సందు ఇరుకేమో, అరిగి అరిగి ఎప్పుడు వెడల్పయిందో. కొత్త రాడ్డుతో నిరుడు ఖాళీ సందు వచ్చింది, ఈ దసరాకు అదీ నిండింది. ఇక ఆ బియ్యానికి కడిగిన తడి, ఆ మీద కార్తీకం వానలు. తడి తగిలిన బియ్యం ఏం చేస్తుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఏంటమ్మాయ్, అంతసేపటి నుంచి తవ్వుతున్నావు?" అరుగు మీది నుంచి అత్తగారి గొంతు.

"మట్టి అత్తయ్యా."

గింజల్ని కాగితంలో పొట్లం కట్టి పక్కన పెట్టాను. ఎందుకు దాచానంటే, ఆవిడ సంగతి నాకు తెలుసు. రెండేళ్ళ కిందట ఎవరో పిల్ల, "మామ్మగారి ముగ్గు వంకరపోతోంది" అని నవ్వింది. మర్నాటి నుంచి ఆవిడ ముగ్గుచిప్ప ముట్టలేదు. ఇప్పుడు ఇది తెలిస్తే దసరాకు పళ్ళెం పట్టుకోవడం కూడా మానేస్తారు. కొడుకు క్షేమం కోసం పెట్టిన గింజలే కొడుకును బురదలో పడేశాయని ఏ నోటితో చెప్పను?

కోటేష్‌కు ఫోను చేశాను. "షాఫ్టు కాదు కోటేష్. వచ్చి రాడ్డు ఒక్కటి ఊడదీసి చూడు" అన్నాను. ట్రాక్టరు పని అయిందో, నా గొంతులో ఏం వినపడిందో, టీ తాగేంత సేపట్లో వచ్చాడు.

బోల్టు పూర్తిగా తీసేశాడు. రాడ్డును సుత్తి పిడితో మెల్లిగా తడుతూ బయటికి లాగాడు. సందులో మిగిలిన ముద్ద చూసి, "అమ్మగారూ, ఇవి అక్ష..." అన్నాడు. నేను కళ్ళతో అరుగు వైపు చూపించాను. కోటేష్ టక్కున అందుకున్నాడు. గొంతు పెంచి, "ఒండ్రుమట్టండీ, ఒండ్రుమట్టి! వాగులో మట్టంతా ఇక్కడే ఉంది!" అని అరిచాడు.

ఇద్దరం కలిసి శుభ్రం చేశాం. సందులోది నేను దబ్బనంతో తీశాను. షాఫ్టు పళ్ళను అతను కిరసనాయిలు పోసి ఇనప బ్రష్షుతో తోమాడు. నలుపు కారిపోగానే పళ్ళు వరసగా మెరుస్తూ బయటపడ్డాయి. బయటి అంచున కాస్త నునుపెక్కాయి తప్ప లోపలంతా బాగానే ఉన్నాయి.

"చూడండి, నిక్షేపంలా ఉన్నాయి. ఇంజిను విప్పుంటే ఉత్త పుణ్యానికి మూడు రోజులు నడుములిరిగేవి" అన్నాడు. "బోల్టు బిగువుగా ఉందని నేను సందు సంగతే చూళ్ళా అమ్మగారూ. అది బిగిసింది రాడ్డు మీద కాదు, మెతుకుల మీద."

రాడ్డును కాలికి అందే ఎత్తులో చూసుకుని, పళ్ళలో పళ్ళు కూర్చునేలా చివరిదాకా నెట్టాడు. బోల్టు వేసి బిగించాడు. పానా తిరిగేకొద్దీ సందు సన్నబడటం నా కళ్ళతో చూశాను. చివరికి గోరు దూరేంత మిగిలింది. "ఇంత మిగలాలి. ఇది ఉన్నంతకాలం బిగించుకోవచ్చు" అన్నాడు కోటేష్. లేచి, కాలెత్తాడు.

"చెప్పు విప్పరా!" అరుగు మీది నుంచి కేక.

కోటేష్ నాలుక్కరుచుకుని చెప్పు విదిలించాడు. తన్నాడు. రాడ్డు జారలేదు. లోపల ఇంజిను తిరిగిన బరువు అతని మోకాలిలో తెలిసింది. రెండో తన్నుకు బండి అందుకుంది. పెరట్లో కాకులు లేచాయి.

బండి ఆపగానే అత్తగారు చేయి చాచారు. "ఆ పొట్లం ఇలా ఇయ్యి అమ్మాయ్."

"ఏ పొట్లం అత్తయ్యా?"

"నా అక్షతలు. కళ్ళు మసకే గానీ, నేను కలిపిన పసుపు నాకు తెలియదా? పొద్దుట్నుంచి చూస్తున్నా, ఇద్దరూ దొంగల్లా సైగలు చేసుకుంటున్నారు. పళ్ళ సందున మెతుకు ఇరికితే మనిషికే నమలడం చేతకాదు, అదేం చేస్తుంది పాపం? ఆ మాట నాతో చెబితే నేనేమన్నా కరుస్తానా?"

"కరవడానికి మీకు పళ్ళేవి మామ్మగారూ?" అన్నాడు కోటేష్.

"నువ్వు నోర్ముయ్యరా ఒండ్రుమట్టీ!"

నాకు నవ్వాగలేదు. ఆవిడకూ ఆగలేదు. అత్తగారు లేచి, గోడ పట్టుకుంటూ వెళ్ళి, పొట్లంలో గింజల్ని తులసికోటలో వేశారు. వెనక్కి తిరక్కుండానే, "అయితే వచ్చే దసరాకి ఎక్కడ పెట్టమంటావు?" అని అడిగారు. అప్పుడు నాకు గుండె కుదుటపడింది. పళ్ళెం మానడం లేదన్నమాట.

"హెడ్‌లైటు కింద చిన్న సంచీ కడతాను అత్తయ్యా. అందులో ఎన్ని పోసినా నిలుస్తాయి."

"మరి రాడ్డుకి?"

"రాడ్డుకి బొట్టొక్కటే."

"గంధం?"

"బొట్టొక్కటే అత్తయ్యా."

"డిగ్రీ చదివినదానివి, నీతో ఎవరు వాదిస్తారు" అని ఆవిడ మళ్ళీ వత్తుల దగ్గర కూర్చున్నారు. నేను అప్పుడే పాత పట్టు జాకెట్టు గుడ్డతో అరచేతి పాటి సంచీ కుట్టి, కొత్త అక్షతలు పోసి, ఆవిడ చేతే హెడ్‌లైటు కింద కట్టించాను. ముడి వదులుగా వేశారు. ఆవిడ లోపలికెళ్ళాక గట్టిగా వేశాను.

మావారు మధ్యాహ్నం దాటాక వచ్చారు. "ఆటోవాడు 'సరే, చూద్దాం లెండి' అన్నాడు" అంటూ గుమ్మం ఎక్కారు. ఆ మాటకు అర్థమేమిటో ఆయన ముఖంలోనే ఉంది. బండి వైపు చూపించాను. నమ్మలేదు. ట్యాంకు తాకి కళ్ళకద్దుకుని, చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, దెబ్బకు సిద్ధపడి ముఖం చిట్లించుకుని తన్నారు. బండి స్టార్టయింది. ఆపి, మళ్ళీ తన్నారు. ఆపి, మళ్ళీ. చిట్లించిన ముఖం ఒక్కో తన్నుకూ విచ్చుకుంటూ వచ్చింది.

"ఒరే, రేపటిక్కూడా కాస్త ఉంచు" అన్నారు అత్తగారు. తరవాత ఆవిడే, ఎవరూ అడక్కుండా, "నా అక్షతలేరా నిన్ను ఆ బురదలో పడేసింది" అని చెప్పారు.

మావారు సంగతంతా విన్నారు. కాలి మీది కమిలిన మచ్చ ఒకసారి తడుముకున్నారు. "పడేసినా ఎముక విరగలేదుగా అమ్మా. అది కూడా వాటి పుణ్యమే" అన్నారు.

మర్నాడు తూరుపు తెల్లబడుతుండగా బయల్దేరాం. బుల్లయ్యగారి భార్య కోటేశ్వరి నన్ను కూడా తప్పకుండా రమ్మంది. ముందు ఆయన, వెనక నేను, నా ఒళ్ళో పూలబుట్ట. దారికి రెండు పక్కలా విచ్చిన పత్తి మంచులో తడిసి వేలాడుతోంది. మిరప తోటలు పూత మీద ఉన్నాయి. కల్వర్టు దగ్గర ఎదురుగా పత్తి నింపిన గోనె బోరాలతో ట్రాక్టరొకటి వచ్చింది. దారివ్వడానికి మావారు బండి పక్కకు తీసి నెమ్మది చేశారు. సరిగ్గా అక్కడే ఇంజిను ఆగిపోయింది.

నేను దిగాను. ఆయన వీపు బిగుసుకోవడం కనిపించింది. అదే మట్టి, అదే చోటు. చెప్పులు విడిచి బురదలో వట్టికాలు పెట్టారు. తన్నారు. రాడ్డు జారలేదు. ఇంజినే ఒకసారి ఆలోచించుకుంది. రెండోసారికి అందుకుంది. నేనెక్కి కూర్చున్నాక ఆ మిగతా దారంతా ఆయన గొంతులో ఏదో మంత్రం సాగదీసుకుంటూ నడిపారు.

పాలెం చేరేసరికి కొత్త ఇంటికి మామిడాకుల తోరణాలు సగమే కట్టి ఉన్నాయి. రెండో సగం కుర్చీ మీద ఉంది. కారున్న పంతులుగారిని పిలుద్దామన్న బావమరిది వసారాలో మంచం మీద నిండా ముసుగు పెట్టి గుర్రు పెడుతున్నాడు. ఆవును ఇంకా తోలుకురాలేదు. బుల్లయ్యగారు గళ్ళ లుంగీలో, నోట్లో వేపపుల్లతో, మమ్మల్ని చూసి అలాగే నిలబడిపోయారు.

మావారు బండి స్టాండు వేసి, సంచీ విప్పుకుంటూ, ఎంతో నెమ్మదిగా అన్నారు. "బుల్లయ్యగారూ, ముహూర్తం పెట్టింది నేను. దాటించేది ఈసారి మీరా?"

బుల్లయ్యగారు వేపపుల్ల ఉమ్మేసి పగలబడి నవ్వారు. "ఒసేయ్ కోటేశ్వరీ! నీళ్ళు తోడు! ఒరేయ్, లెగండ్రా, పంతులుగారొచ్చేశారు, మన కొంపే ఇంకా లెగవలా! ఏరా బావా, ఆ కారు పంతులుగారిని కల్లోకి పిలుచుకున్నావా?" అని మంచం కోడును తన్నారు. ఇల్లంతా ఒక్కసారి పరుగందుకుంది. కోటేశ్వరి జడ వేసుకుంటూనే నాకు పీట వేసింది. తోరణం రెండో సగం నేనే కట్టాను, మొదటి సగం ఎగుడుదిగుడుగా ఉంటే అది కూడా సరిచేశాను. ఆవు వచ్చింది. పొద్దు పొడిచే వేళకు సరిగ్గా గడప దాటారు. పాలు పొంగాయి.

ఫలహారాల దగ్గర బుల్లయ్యగారు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి మావారి ముందు పెట్టారు. "మన బోరువే, తాగి చూడండి. చుట్టుపక్కల ఎవరు బోరేసినా ఉప్పు. మనకి ధార సన్నమే గానీ కొబ్బరినీళ్ళల్లే ఉన్నాయి." మావారు ఎత్తి తాగి, తల ఊపారు. బోరు నాటి ఆలస్యం మాట ఎవరూ ఎత్తలేదు.

బయల్దేరబోతుంటే బుల్లయ్యగారు మాతోపాటు బండి దాకా వచ్చారు. "మాఘంలో మా పిల్ల పెళ్ళి చేద్దామనుకుంటన్నా. లగ్నం మీరే చూడాల. కాకపోతే ఒక మాట పంతులుగారూ, పగటి లగ్నం చూడండి. ఈ తెల్లారుగట్ల లెగవడం నా వల్ల కావట్లా."

"చూద్దాం" అన్నారు మావారు. కళ్ళలో నవ్వు దాగలేదు.

ఇంతలో కోటేశ్వరి పసుపుకుంకాల పళ్ళెంతో గబగబా వచ్చింది. "వేళకి తెచ్చిన బండి, దానికీ రెండు అక్షతలు పెడతానండీ" అంటూ కిక్ రాడ్డు వైపు వంగింది.

"అక్కడొద్దు!" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

ఆమె ఉలిక్కిపడి ఆగింది. నేను హెడ్‌లైటు కింద వేలాడుతున్న పట్టు సంచీ మూతి విప్పి పట్టుకున్నాను. "ఇందులో వెయ్యమ్మా. దీనికి ఇదే చోటు." ఆమె గుప్పెడు పోసింది. నేను ముడి వేశాను.

మావారు చెప్పులు విడిచారు. బుల్లయ్యగారు వింతగా చూశారు. "అదేంటి పంతులుగారూ, బండి తన్నడానికి చెప్పులిప్పడమేంటి? ఇక్కడ చూసేవాళ్ళెవరున్నారు?"

"మా అమ్మ" అన్నారు మావారు. ట్యాంకు తాకి కళ్ళకద్దుకుని, పంచె ఎగ్గట్టి, ఒక్క తన్ను తన్నారు. బండి అందుకుంది. నేను ఆయన కింద మరిచిన చెప్పులు తీసి పూలబుట్టలో పెట్టబోయి, అది పూలబుట్ట అని గుర్తొచ్చి, చేత్తోనే పట్టుకుని ఎక్కాను.